చెమటకాయలు, మంచినీళ్లు, మష్రూ బట్ట: పాతబస్తీలో వేసవి చర్మరక్షణ చరిత్ర

హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమి మీద వెలసిన నగరం కావడం వల్ల అక్కడి ఎండాకాలం స్వభావం మచిలీపట్నం ఎండాకాలం స్వభావానికి చాలా భిన్నంగా ఉంటుంది. కోస్తాలో చెమట పట్టిన ఒళ్లు ఒక పట్టాన ఆరదు. మూసీకి దక్షిణపు ఒడ్డున ఉన్న పాతబస్తీలో మాత్రం చైత్ర వైశాఖాల మధ్యాహ్నపు గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోయి చొక్కా వీపు మీద ఉప్పు చారికలు మాత్రమే మిగులుతాయి. 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీలు నగర వాతావరణ చరిత్రలో అతి పెద్ద అంకెల్లో ఒకటిగా నిలిచింది గాని, చర్మానికి సంబంధించినంతవరకు అసలైన గడ్డుకాలం ఎండ పూర్తిగా ముదిరిన ఆ పొడి రోజుల్లో రాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ముగిసి, మృగశిర ప్రవేశించి, తొలకరి జల్లు పడినా నేలలోని సెగ తగ్గక, గాలిలో తేమ మాత్రం ఒక్కసారిగా పెరిగే ఆ రెండు మూడు వారాల్లో వస్తుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే పాతబస్తీ ఇళ్లలో తరతరాలుగా వచ్చిన వేసవి అలవాట్లలో కొన్ని ఎండ కోసం, మరికొన్ని ఉక్క కోసం ఎందుకు ఏర్పడ్డాయో తేలికగా అర్థమవుతుంది.

తెలుగు ఇళ్లలో చెమటకాయలు లేదా చెమటపొక్కులు అనీ, ఉర్దూ ఇళ్లలో గర్మీదానే అనీ పిలిచే ఎర్రటి సన్నని పొక్కులు చెమట గ్రంథుల నాళాలు మూసుకుపోవడం వల్ల వస్తాయి. చర్మపు పైపొర ఎక్కువసేపు తడిలో నాని ఉబ్బితే నాళం మూసుకుంటుంది, లోపల ఊరిన చెమట బయటికి దారి లేక చుట్టుపక్కల పొరల్లోకి ఇంకుతుంది, అక్కడ మంట, దురద, సూదులతో గుచ్చినట్టుండే పోటు మొదలవుతాయి. గోకిన చోట చర్మం చిట్లి స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి ప్రవేశిస్తే అవే చీముపొక్కులుగా, రోమకూపాల లోతుకు పాకితే సెగగడ్డలుగా మారవచ్చు. గజ్జల్లో, చంకల్లో, నడుము పట్టీ కింద తేమ నిలిచే చోట శిలీంధ్రం చేరితే అది తామర. చర్మం చర్మానికి రాసుకుని పుండు పడటాన్ని ఒరుపు అంటారు. ఈ బాధలన్నిటికీ మూలం ఒక్కటే: చెమట పుట్టడం వల్ల కాక, పుట్టిన చెమట ఒంటి మీదనే నిలిచిపోవడం వల్ల ఇవి వస్తాయి. కాబట్టి వీటి నివారణ చరిత్ర మందుల చరిత్ర కంటే ఎక్కువగా నీటి చరిత్ర, గాలి చరిత్ర, బట్టల చరిత్ర అవుతుంది. పాతబస్తీ విషయంలో ఈ మూడింటికీ ఆధారాలు పుస్తకాల్లోనే కాక కట్టడాల్లో కూడా మిగిలి ఉన్నాయి.

నగరం పుట్టుకలోనే నీటి ప్రస్తావన ఉంది. గోల్కొండ కోట లోపల జనం కిక్కిరిసి, నీటికి కటకట ఏర్పడి, అంటువ్యాధులు పెరగడం కొత్త నగర నిర్మాణానికి ఒక కారణమని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కేంద్రంగా హైదరాబాదును నిర్మించినప్పుడు పీష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్తరాబాదీ రూపొందించిన నగర ప్రణాళికలో తోటలు, నీటికాలువలు, కుండాలు వీథులంత ముఖ్యమైన స్థానం పొందాయి. చార్మినార్‌కు ఉత్తరాన నాలుగు కమాన్ల నడుమ ఉన్న గుల్జార్ హౌజ్ అనే నీటికుండం ఆనాటి ఆలోచనకు మిగిలిన గుర్తు. 1666-67 ప్రాంతంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద థెవెనో, చార్మినార్ పై అంతస్తుల ఏర్పాటు నీటిని ఎత్తుకు చేర్చి, అక్కడినుంచి రాజభవనంలోని పై గదులదాకా పంపేందుకు ఉపయోగపడేదని రాశాడు. ఊరు మొత్తానికి తలమానికమైన కట్టడాన్ని నీటి ఒత్తిడి కోసం కూడా వాడుకున్నారన్న ఈ మాట ఆనాటి పాలకులు నీటికి ఇచ్చిన విలువను చెబుతుంది. అయితే ఆ నీరు ఎక్కింది రాజుగారి పై అంతస్తులకే గాని సామాన్యుల గల్లీలకు కాదన్న సంగతిని కూడా అదే వాక్యం చెబుతుంది.

చార్మినార్ కట్టిన కొద్ది సంవత్సరాలకే, 1595 ప్రాంతంలో, మూసీ ఒడ్డుకు దగ్గరగా దారుల్‌షిఫా వెలిసింది. నలుచదరపు పెద్ద వాకిలి చుట్టూ రెండంతస్తుల గదుల వరసలతో కట్టిన ఈ భవనం ఒకేసారి ఆసుపత్రిగా, వైద్య విద్యాలయంగా పనిచేసింది. బోధించింది యునానీ వైద్యం. గ్రీకు వైద్యుల సిద్ధాంతాలను అరబ్బులు అనువదించి, ఇబ్న్ సీనా వంటివారు క్రమబద్ధం చేయగా, ఇరాను మీదుగా దక్కనుకు చేరిన వైద్యవిధానమే యునానీ. కుతుబ్‌షాహీల ఆస్థానానికి ఇరాను నుంచి పండితులు, వైద్యులు ధారాళంగా వస్తుండటం వల్ల ఆ విధానం ఇక్కడ త్వరగా వేళ్లూనింది. అబ్దుల్లా కుతుబ్‌షా ఆస్థానంలో నిజాముద్దీన్ అహ్మద్ గీలానీ వంటి హకీములు ఉన్నత పదవులు అందుకున్నారు.

యునానీ దృష్టిలో శరీరం రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ధాతురసాల సమతుల్యం మీద నిలుస్తుంది. వీటిని అఖ్లాత్ అంటారు. ప్రతి మనిషికి పుట్టుకతో వచ్చే వేడి, చలువ, పొడి, తడి గుణాల కలయిక అతని మిజాజ్. ఎండాకాలం పసుపు పిత్తాన్ని, అంటే సఫ్రాను, రెచ్చగొడుతుందని, ఆ వేడి రక్తంతో కలిసి చర్మం కిందికి చేరి బయటికి రాలేక నిలిచిపోతే పొక్కులు లేస్తాయని హకీములు భావించారు. చెమటకాయలకు ఆ వైద్యంలో హసఫ్ అని ప్రత్యేకమైన పేరు ఉంది. తామరను ఖూబా అని, సెగగడ్డను దుమ్మల్ అని, గజ్జిని జరబ్ అని వేరువేరుగా గుర్తించారు. ధాతురసాల సిద్ధాంతాన్ని నేటి విజ్ఞానం అంగీకరించదు గాని, చర్మం కింద ఏదో చిక్కుకుపోవడం వల్లనే పొక్కు వస్తుందన్న హకీముల పరిశీలనకు, చెమట నాళం మూసుకుపోతుందన్న నేటి వివరణకు మధ్య ఉన్న దూరం మొదట కనిపించినంత ఎక్కువేమీ కాదు.

ఈ వ్యాసానికి అంతకంటే ముఖ్యమైనది యునానీలోని మరొక భావన. ఆరోగ్యం నిలవడానికి తప్పనిసరి అయిన ఆరు విషయాలను ఆ శాస్త్రం అస్బాబె సిత్తా జరూరియా అంటుంది: గాలి, తిండీ నీరూ, శరీరపు కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, చివరగా శరీరం నుంచి పోవలసినవి పోవడం, ఉండవలసినవి ఉండటం. వీటిలో గాలికి మొదటి స్థానం ఇవ్వడం, చెమటను పోవలసిన వాటిలో చేర్చడం గమనించదగినవి. మందు రాయడానికి ముందు హకీము రోగి ఎలాంటి గదిలో పడుకుంటాడో, ఏ వేళ స్నానం చేస్తాడో, ఏ బట్ట కడతాడో అడగవలసిన బాధ్యత ఈ ఆరు సూత్రాల వల్ల ఏర్పడింది. మందు కాకుండా క్రియ ద్వారా చేసే చికిత్సకు ఇలాజ్ బిత్ తద్బీర్ అని పేరు. హమ్మాము స్నానం, మర్దనం, జలగలు పట్టించడం, రక్తం తీయడం అందులోని భాగాలు. అబ్దుల్లా కుతుబ్‌షాకు తలనొప్పి వస్తే నాలుక కింద నాలుగు చోట్ల రక్తం తీయాలని ఆస్థాన హకీములు నిర్ణయించి, ఆ పనికి సాహసించే చెయ్యి దొరకక పీటర్ ద లాన్ అనే డచ్చి శస్త్రవైద్యుణ్ణి పిలిపించిన ఉదంతాన్ని ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే తన యాత్రాగ్రంథంలో వివరంగా రాశాడు. చెమటకాయలకు అంత సాహసం అవసరం పడలేదని, నీళ్లతోనే సరిపెట్టారని పాతబస్తీ వాసులు సంతోషించవచ్చు.

హమ్మాము అంటే వేడినీరు, చన్నీరు, ఆవిరి వేరువేరు గదుల్లో లభించేలా కట్టిన స్నానశాల. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో నేటికీ నిలిచి ఉన్న హమ్మాము రాజవంశీకుల భౌతికకాయాలకు అంతిమస్నానం చేయించడానికి వాడినదే అయినా, నీటి తొట్లు, గోడల్లోంచి పోయే గొట్టాలు, నేల వాలు, పైకప్పులోని వెలుతురు రంధ్రాలు ఆనాటి స్నానశాల ఎలా పనిచేసేదో స్పష్టంగా చూపిస్తాయి. ఆసఫ్‌జాహీల, అంటే నిజాంల, కాలంలో పెద్ద ఉద్యోగుల దేవిడీల్లో సొంత స్నానశాలలు ఉండేవి. దేవిడీ అంటే ఎత్తైన ప్రహరీ లోపల ఒకటికి మించిన వాకిళ్లతో, మగవారికి ఆడవారికి వేరువేరు భాగాలతో కట్టిన సర్దారుల నివాసం. సామాన్యుల ఇళ్లలో స్నానం బావి గట్టు మీదనే, లేదా మేకతోలు తిత్తిలో నీళ్లు మోసుకొచ్చే భిస్తీ పోసిన కుండ మీదనే ఆధారపడేది. భిస్తీ నీరు తాగడానికి, వంటకు పోగా ఒంటికి ఎంత మిగిలేదన్నది ఇంటి ఆదాయాన్ని బట్టి ఉండేది కాబట్టి, వేసవిలో ఏ ఇంటి పిల్లల మెడల మీద చెమటకాయలు లేస్తాయో ఆ తిత్తుల లెక్కే చాలావరకు నిర్ణయించేది.

అయితే తక్కువ నీటితో ఎక్కువ శుభ్రత సాధించే అలవాట్లు ఈ ఊళ్లో రెండు మతాల ఇళ్లలోనూ ఉన్నాయి. నమాజుకు ముందు రోజుకు ఐదుసార్లు ముఖం, మోచేతులదాకా చేతులు, చీలమండలదాకా పాదాలు కడుక్కునే వుజూ ధార్మిక విధి అయినా, ఉప్పు చారికలు, దుమ్ము ఒంటి మీద గంటల తరబడి నిలవకుండా చేసే పద్ధతిగా కూడా అది పనిచేసింది. మక్కా మసీదు ముంగిట ఉన్న కుండం ఈ పనికే ఏర్పాటైంది. లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ, శాలిబండ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో పెసరపిండి, శనగపిండి, కొద్దిగా పసుపు కలిపిన సున్నిపిండితో నలుగు పెట్టుకునే వాడుక సాగింది. నూనె తలంటిన రోజున ఆ జిడ్డు పూర్తిగా వదిలేదాకా రుద్దాలన్న పెద్దవాళ్ల పట్టుదలలో పాటించదగిన జాగ్రత్త ఉంది, ఎందుకంటే చర్మం మీద మిగిలిన నూనె, ధూళితో కలిసి, ఉక్క రోజుల్లో రోమకూపాలను మూసేస్తుంది. వేపాకు కాచిన నీళ్లను పొక్కులు లేచిన పిల్లలకు పోసేవారు. ఒళ్లంతా పొక్కులు లేచి జ్వరం కూడా ఉంటే దాన్ని చెమటకాయలుగా కాక అమ్మవారుగా గుర్తించి, రోగిని వేరుగా ఉంచి, గడపకు వేపమండలు కట్టేవారు. ఆటలమ్మ, తట్టు వంటి అంటువ్యాధులను మామూలు వేసవి పొక్కుల నుంచి ఈ విధంగా విడదీయడం భక్తి రూపంలో సాగిన రోగనిర్ణయమే.

గాలి విషయానికి వస్తే, పాతబస్తీ ఇళ్ల నిర్మాణమే చర్మరక్షణ శాస్త్రమని చెప్పడం అతిశయోక్తి కాదు. నడుమ వాకిలి, వాకిలిలో హౌజు, చుట్టూ లోతైన దాలాన్లు (వసారాలు), రెండు మూడు అడుగుల మందం గల డంగుసున్నపు గోడలు, ఎత్తైన పైకప్పు, దానికి దగ్గరగా వేడిగాలి పోయే కిటికీలు: ఇవన్నీ కలిసి పగటి వేడిని గోడలు ఆలస్యంగా లోపలికి పంపేలా, రాత్రి ఆ వేడి వాకిలి మీదుగా ఆకాశానికి పోయేలా చేసేవి. ఇప్పుడు చాలావరకు కూల్చివేతకు గురైన మల్వాలా ప్యాలెస్ వంటి కాయస్థ కుటుంబాల భవనాలు, చౌమహల్లా ప్యాలెస్‌లోని నీటి కుండాల ఏర్పాటు ఈ ఆలోచనకు వివిధ స్థాయుల ఉదాహరణలు. వీటికి తోడు వేసవిలో ద్వారాలకు వట్టివేళ్ల తడకలు కట్టి, నౌకర్లు గంటగంటకూ నీళ్లు చల్లేవారు. పొడిగాలి తడిసిన వేళ్ల గుండా దూరి వచ్చేటప్పుడు నీటిని ఆవిరి చేసి తాను చల్లబడుతుంది కాబట్టి, ఈ ఏర్పాటు ఏప్రిల్, మే నెలల్లో అద్భుతంగా పనిచేసేది. తొలకరి తర్వాత గాలిలోనే తేమ నిండినప్పుడు అదే తడక గదిని ఇంకాస్త ఉక్కగా మార్చేది. అందుకే మృగశిర రాగానే తడకలు దించి, పంకాకు పని పెంచేవారు. నేటి ఇళ్లలోని ఎయిర్ కూలర్లకు కూడా సరిగ్గా ఇదే బలం, ఇదే బలహీనత.

తడక కట్టుకునే స్తోమత లేనివారు వట్టివేళ్ల వాసననైనా ఒంటికి తెచ్చుకున్నారు. పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్ పరిసరాల అత్తరు వర్తకులు నేటికీ రుతువును బట్టి సరుకు చూపిస్తారు: చలికాలానికి శమామా, హినా, ఎండాకాలానికి ఖస్, గులాబీ, చందనం, తొలివాన తడిపిన నేల వాసన గల మిట్టీ అత్తరు. చందనపు తైలం పునాదిగా తీసిన అత్తరు ఒంటికి చలువ చేస్తుందన్న నమ్మకంలో వాసన వల్ల కలిగే హాయి పాలే ఎక్కువ. అరగదీసిన మంచి గంధం, గులాబీ నీరు కలిపిన పట్టు మాత్రం ఆరేటప్పుడు చర్మపు వేడిని నిజంగానే లాగేస్తుంది. ముల్తానీ మట్టిదీ అదే పని. లాడ్‌బజార్‌లో అమ్మే గోరింటాకును పెళ్లిళ్లకే కాక అరికాళ్ల మంటకు కూడా వాడేవారు. గోరింటాకులోని లాసోన్ అనే రంగుపదార్థానికి శిలీంధ్రాలను అణచే గుణం ఉన్నట్టు ప్రయోగశాలల్లో తేలింది.

బట్టల విషయంలో దక్కను సాధించిన ఒక సూక్ష్మం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ముస్లిం పురుషులు ఒంటికి పట్టు తగిలేలా ధరించరాదన్న ధార్మిక నియమాన్ని పాటిస్తూనే పట్టు మెరుపును వదులుకోని నేత మష్రూ. నిలువు పోగు పట్టు, అడ్డపోగు నూలు. శాటిన్ అల్లికలో నేయడం వల్ల పైకి పట్టు మాత్రమే కనిపిస్తుంది, లోపలి వైపు ఒంటికి నూలే తగులుతుంది. నియమం ధర్మానికి సంబంధించినదే అయినా ఫలితం చర్మానికి దక్కింది: నూలు చెమటను పీల్చుకుంటుంది, పట్టు పైన మెరుస్తూనే ఉంటుంది. దక్కనులోనే కాక గుజరాతులో కూడా ఈ నేత ప్రసిద్ధం. నిజాం రాజ్యంలో దానికి చుట్టంగా ఔరంగాబాదు హిమ్రూ పేరు పొందింది. ఇంటి వాడుకకు మల్‌మల్ అంగీ, వదులు పైజామా సరిపోయేవి. దర్బారుకు, కచ్చేరీకి తప్పనిసరి అయిన, మెడదాకా బొత్తాలు బిగించే షేర్వానీ మాత్రం వేసవి చర్మానికి శత్రువే. హోదాకు చెల్లించిన మూల్యాన్ని ఇంటికి వచ్చాక గులాబీ నీళ్లు తీర్చవలసి వచ్చేది.

బట్టలు ఉతికిన చేతుల గురించి కూడా ఒక అన్యాయమైన మాట చరిత్రలో మిగిలిపోయింది. గజ్జల్లో వచ్చే తామరకు ఆంగ్లేయ సైనికులు, వారి వైద్యులు ధోబీ ఇచ్ అని పేరు పెట్టారు. చాకలివాళ్లు అందరి బట్టలు కలిపి ఉతకడం వల్ల ఆ రోగం అంటుతుందని వారి అభియోగం. బిగుతైన మందపు ఉన్ని, ఖాకీ దుస్తులను తేమగల వేడిలో రోజంతా తొడుక్కుని ఉండటమే దానికి ప్రధాన కారణమని వారు ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. చాకలి వృత్తి వల్ల నిజంగా వచ్చిన చర్మవ్యాధి వేరే ఉంది. ఏ బట్ట ఎవరిదో గుర్తుపట్టడానికి నల్లజీడి గింజలోని రసంతో, దానికి సున్నం చేర్చి, చెరగని నల్లటి గుర్తు పెట్టడం దేశమంతటా చాకళ్ల వాడుక. ఆ రసం కొందరికి తగిలినచోట దురద పెట్టి, బొబ్బలు పొక్కించి, నల్లబారుస్తుంది. చొక్కా మెడపట్టీ వెనక పెట్టిన గుర్తు సరిగ్గా మెడ మీదనే పుండు చేస్తుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశంలో పనిచేసిన అమెరికన్ సైనికుల్లో ఈ పుండ్లను వైద్యులు గమనించి, 1943లో ధోబీ మార్క్ డెర్మటైటిస్ పేరుతో వర్ణించారు. ఆ రసానికి జాగ్రత్త పడవలసింది బట్ట తొడుక్కునేవారికంటే ముందు దాన్ని వేలితో అద్దే చాకలివారే, కాని వారి చేతులను ఆ రోజుల్లో ఎవరూ పరీక్షించలేదు.

మామిడి నల్లజీడికి దగ్గరి బంధువు. రెండూ ఒకే వృక్షకుటుంబానికి చెందినవి. కాయ తొడిమ దగ్గర కారే జీడిలో కూడా అదే జాతి రసాయనాలు ఉంటాయి. బంగినపల్లి, హిమాయత్ పండ్లు మార్కెట్టును ముంచెత్తే మే, జూన్ నెలలే చెమటకాయలకు, సెగగడ్డలకు కూడా అదను కావడంతో, మామిడిపండు వేడి చేసి గడ్డలు లేపుతుందన్న నమ్మకం హైదరాబాదు హిందూ ముస్లిం ఇళ్లన్నిటిలో గట్టిగా పాతుకుపోయింది. సెగగడ్డలకు సూక్ష్మజీవులు కారణమని స్కాట్లాండు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఓగ్‌స్టన్ 1880 నాటి పరిశీలనలతో స్పష్టమైంది కాబట్టి, మామిడి మీద మోపిన ఆ నేరం నిలవదు. అయితే పెదవుల చుట్టూ లేచే దద్దుర్లకు మాత్రం తొడిమ జీడిదే బాధ్యత. పండ్లను తినబోయే ముందు గంటసేపు నీళ్ల బకెట్టులో నానబెట్టి, తొడిమ కోసి, కారిన జీడిని కడిగేసే అలవాటు నమ్మకం తప్పైనా పద్ధతి ఒప్పని చెప్పడానికి మంచి ఉదాహరణ. హకీములు ఈ మామిడిపండ్ల కాలంలోనే ముసఫ్ఫీ ఎ ఖూన్, అంటే రక్తశోధకాలు, అనే తరగతి మందులు ఇచ్చేవారు: షాహ్‌తరా, నేలవేము, బోడతరం, వెంపలి, వేపల కషాయాలు, ఉన్నాబ్ అనే ఎండు రేగుపండ్ల షర్బత్. ఇవి రక్తాన్ని శుభ్రం చేశాయో లేదో గాని, సబ్జా గింజల షర్బత్, మజ్జిగ లాగే, వాటితో పాటు కడుపులోకి పోయిన నీరు మాత్రం ఎండదెబ్బ నుంచి కాపాడింది.

1846లో డాక్టర్ మెక్లీన్ ఆధ్వర్యంలో హైదరాబాదు వైద్య పాఠశాల ఉర్దూ మాధ్యమంలో పాశ్చాత్య వైద్యాన్ని బోధించడం మొదలుపెట్టాక, పాతబస్తీ రోగికి రెండు దారులు ఏర్పడ్డాయి. అయినా చర్మవ్యాధుల విషయంలో జనం హకీమును వదలలేదు. పాశ్చాత్య వైద్యం కూడా ఆ రోజుల్లో చెమటకాయలకు జింకు, కాలమిన్ పూతలకు మించి ఇవ్వగలిగింది పెద్దగా లేదు. నిజమైన మార్పు ఏ వైద్యుడి చేతా రాలేదు, వరద తెచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్న తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి నీటి సరఫరా, మురుగు కాలువల పథకాన్ని కూడా సిద్ధం చేశాడు. అంతకు ముందు వంద ఏళ్లుగా పాతబస్తీ ప్రధానంగా మీర్ ఆలం చెరువు మీద ఆధారపడేది. 19వ శతాబ్ది తొలి దశకంలో దివాను మీర్ ఆలం పేరిట 21 అర్ధచంద్రాకారపు కమాన్లతో కట్టిన దాని ఆనకట్ట ఇంజనీరింగు నేర్పుకు ఇప్పటికీ సాక్ష్యం. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు బస్తీలను విడదీసి, పత్తర్‌గట్టీ వంటి వెడల్పాటి బజార్లు కట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయ్యాయి. గొట్టాల ద్వారా వడగట్టిన నీరు వీథి పంపులకు, ఆపై ఇళ్లలోకి వచ్చింది. భిస్తీ తిత్తి క్రమంగా మాయమైంది. రోజూ రెండుసార్లు స్నానం చేయడం సంపన్నుల భోగంగా కాక సాధారణుల అలవాటుగా మారే అవకాశం పాతబస్తీకి మొదటిసారి ఈ పంపుతోనే దక్కింది. కుతుబ్‌షాహీల నాటి నుంచి వచ్చిన గంధాలు, కషాయాలు, షర్బతులు అన్నీ ఒక ఎత్తు, ఈ నల్లా ఒక ఎత్తు. చర్మరక్షణ చరిత్రలో 1920కి మించిన సంవత్సరం ఈ ఊరికి లేదు.

ఏడో నిజాం హయాంలోనే చార్మినార్ పక్కన, మక్కా మసీదుకు ఎదురుగా, గుమ్మటాలతో నిజామియా సాధారణ ఆసుపత్రి లేచింది. యునానీ వైద్య కళాశాల దానికి అనుబంధంగా సాగింది. చర్మవ్యాధుల్లో యునానీకి ఉన్న పేరును ఆధారం చేసుకుని 1970ల ఆరంభంలో ఎర్రగడ్డలో వెలసిన కేంద్ర యునానీ పరిశోధనా సంస్థ ముఖ్యంగా బొల్లి మీద పనిచేసి దేశమంతటా గుర్తింపు పొందింది, ఇటీవల చర్మవ్యాధుల జాతీయ యునానీ పరిశోధనా సంస్థగా పేరు మార్చుకుంది. బొల్లికి, ఎండాకాలపు పొక్కులకు సంబంధం లేదు గాని, చర్మం బాగోలేకపోతే పాతబస్తీ మనిషి మొదట హకీము వైపు చూసే అలవాటుకు ఆ సంస్థ శాస్త్రీయమైన చిరునామా ఇచ్చింది.

ఇదంతా జరిగిన తర్వాత కూడా సమస్య తిరిగి వచ్చింది, దాని కారణాలు వైద్యానికి బయటే ఉన్నాయి. దేవిడీల వాకిళ్లు వాటాలుగా విడిపోయి గదులయ్యాయి, డంగుసున్నపు గోడల స్థానంలో పలుచని ఇటుక గోడలు, కాంక్రీటు కప్పులు, రేకుల కప్పులు వచ్చాయి, నల్లా నీరు రోజు విడిచి రోజు, కొన్ని గంటలే వచ్చే ప్రాంతాలు పెరిగాయి, నూలు బట్టల స్థానాన్ని తక్కువ ధరకు దొరికే, చెమట పీల్చని కృత్రిమ నారబట్టలు ఆక్రమించాయి. తామర మందులకు లొంగకుండా ముదరడానికి మాత్రం మరో కారణం తోడైంది. స్టెరాయిడు, శిలీంధ్రనాశకం, సూక్ష్మజీవనాశకం మూడూ కలిపిన క్రీములు చీటీ లేకుండా మందుల దుకాణాల్లో దొరకడంతో, దురద రెండు రోజుల్లో తగ్గి, శిలీంధ్రం మాత్రం లోపల బలపడి, ఆపగానే రెట్టింపై బయటపడే పరిస్థితి దేశమంతటా ఏర్పడింది. మామూలు మందులకు లొంగని ఆ శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశపు పేరు కలిసి వచ్చేలా పేరు పెట్టారు; ఇది గర్వించదగిన గుర్తింపు కాదు. 2018లో కేంద్రం అనేక స్టెరాయిడు పూతలను చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చినా, అమలు నేటికీ అంతంతమాత్రమే.

2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం పాత ఇంటి తర్కానికి తిరిగి చేరువైంది. ఎండను వెనక్కి కొట్టే తెల్లని పూత లేదా పలకలతో కప్పును చల్లగా ఉంచి, గదిలోని వేడిని తగ్గించడం దాని ఉద్దేశం. సున్నం వేసిన మిద్దెల మీద వేసవి రాత్రులు గడిపిన ఊరికి ఇందులో కొత్తదనం తక్కువ. అయితే ఆ విధానంలో ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆ పైబడిన స్థలంలో కట్టే నివాసాలకు మాత్రమే చల్లని కప్పు తప్పనిసరి. అంతకు తక్కువ స్థలంలోని ఇళ్లకు అది ఐచ్ఛికం. పాతబస్తీ గల్లీల్లోని రేకుల ఇళ్లు చాలావరకు ఆ కొలతకు చాలా తక్కువ, కాబట్టి చెమటకాయలు ఎక్కువగా పుట్టే కప్పుల కిందికి ఆ నియమం ఇంకా చేరవలసే ఉంది.